రోడ్డు పక్క శాసనం రాయి కనిపిస్తే
ఊరి పొలిమేరలోనో గుడి ముందో అక్షరాలు చెక్కిన రాయి కనిపిస్తే మిట్టమధ్యాహ్నం ఫొటో తీయకండి, చదవడానికి ఏమీ కనబడదు. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో తీయండి. చీకటి పడితే ఇంకా మంచిది: ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి, రాయికి దాదాపు ఆనించి పట్టుకోండి. అరిగిపోయిన గీతలు కూడా నీడతో తేలతాయి. సుద్దముక్కతో దిద్దడం, సున్నం పూయడం మాత్రం వద్దు. (పెయింటు వేసినవాళ్లనీ చూశాను, ఏం చెప్తాం!)

పైన సూర్యచంద్రుల బొమ్మలుంటే, రాయి మీద రాసిన దానం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం, నిలవాలని. కత్తి పట్టిన మనిషి ఉంటే అది వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి జ్ఞాపకంగా నిలిపిన రాయి, కావచ్చు. శకవర్షం (శాలివాహన శకం లెక్క) దొరికితే 78 కలపండి, క్రీస్తుశకం వస్తుంది: శక 1437 అంటే 1515, కృష్ణదేవరాయలు కొండవీడు గెలిచిన ఏడు.