ఫోర్జా హొరైజన్ 5లో పాత మజిల్ కారు మాట వినడం లేదా? ముందు ఇవి చూడండి

ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల రేసు గేమ్ ఆడే మా బ్యాచ్‌లో ఎవరి మజిల్ కారు (పెద్ద ఇంజిన్ ఉన్న పాత అమెరికన్ కారు) తోక ఊపినా చివరికి అది నా దగ్గరికే వస్తుంది. 1969 ఛార్జర్, 1969 కమారో, 1970 షెవెల్, ఏదైనా సరే నేను మొదట అడిగేది ఒకటే: టైర్లు ఏం వేశావు? "స్టాకే (కంపెనీవే) అన్నా" అంటారు. ఇంజిన్‌లో మాత్రం క్యామ్, ఎగ్జాస్ట్, సూపర్‌చార్జర్ అన్నీ పడి ఉంటాయి.

ఈ కార్లు పుట్టిందే తిన్నటి రోడ్డు మీద దూకడానికి. షెవెల్ ఎస్ఎస్‌లో వచ్చిన ఎల్ఎస్6 454 ఇంజిన్‌కి కంపెనీ లెక్కలోనే 450 హార్స్‌పవర్. ముందు అంత బరువైన ఇనప ఇంజిన్, కింద ఆనాటి సన్నటి టైర్లు. దాని మీద ఇంకో 300 హార్స్‌పవర్ ఎక్కించి ట్యూనింగ్ పేజీలో స్లైడర్లు జరుపుతూ కూర్చుంటే ఏం లాభం? ఏ క్లాస్‌కి కారు కడుతున్నా పీఐని (గేమ్ కారుకిచ్చే పనితీరు అంకె, క్లాస్‌కి ఇంత అని హద్దు ఉంటుంది) మొదట టైర్ల మీద, తర్వాత బరువు తగ్గించడం మీద ఖర్చు పెట్టండి. మిగిలిందే ఇంజిన్‌కి. 'A' క్లాస్ అంటే పీఐ 800 దాకా ఉంటుంది, అందులో మంచి టైర్లతో 450 హార్స్‌పవర్ ఉన్న కారు, స్టాక్ టైర్లతో 650 ఉన్న కారును మలుపుల రోడ్డులో తేలిగ్గా దాటేస్తుంది.

టైర్లు సరే అంటే ఇంకో మాట. మీరు నడుపుతున్నది మీరు సేవ్ చేసిన ట్యూనేనా? పార్టు మార్చాక ట్యూనింగ్ పేజీ మళ్లీ తెరిచి అంకెలు చూశారా? నవ్వకండి, ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోయిన కేసులు చాలా ఉన్నాయి.

స్టార్టింగ్‌లో పొగే తప్ప కదలిక లేదు

మొదటి గేర్ మరీ పొట్టిగా ఉంది. రేస్ ట్రాన్స్‌మిషన్ ఉంటే ఫస్ట్ గేర్‌ని ఒక్కదాన్నే స్పీడ్ వైపు జరపండి. స్పోర్ట్ ట్రాన్స్‌మిషన్ అయితే ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటికీ కలిపి ఉండే నిష్పత్తి) ఒక్కటే చేతిలో ఉంటుంది, దాన్ని కొంచెం జరిపి సరిపెట్టుకోవాలి. నాలుగు మైళ్లు నడిపాక టెలిమెట్రీలో (నడుపుతుండగానే కారు అంకెలు చూపే తెర) వెనక టైర్ల వేడి చూడండి. మధ్యభాగం అంచుల కన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువైంది, అంచులు వేడిగా ఉంటే తక్కువైంది. గ్యారేజీలో చల్లగా ఉన్నప్పటి అంకెను నమ్మకండి.

మలుపులోకి ముక్కు తిరగదు

ముందు టైర్ల వెడల్పు పెంచండి, అందరూ వెనకవే పెంచుతారు. తర్వాత ముందువైపు యాంటీ రోల్ బార్ (కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ) మెత్తబరచండి, లేదా వెనకది గట్టిపరచండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే బరువు పంపకాన్ని బట్టి లెక్కేసుకోవచ్చు. బార్ స్లైడర్ 1 నుంచి 65 దాకా ఉంటుంది కదా, ముందు బరువు 56 శాతం అయితే 64ని 0.56తో గుణించి 1 కలపండి: ముందు 36.8, వెనక (0.44తో గుణిస్తే) 29.2. ఇది మొదలు మాత్రమే. మజిల్ కార్లకి నేను ఇక్కడి నుంచి ముందుదాన్ని తగ్గిస్తూ వెళ్తాను.

వేరేవాళ్ల ట్యూన్ అంకెలు చూసి తమ కారులో చేత్తో ఎక్కించేవాళ్లకి ఒక మాట. ఇంజిన్ స్వాప్ చేస్తే బరువు పంపకమే మారిపోతుంది. వాళ్ల కారులో కుదిరిన స్ప్రింగ్ మీ కారులో కుదరాలని లేదు.

మలుపు నుంచి బయటికొస్తుంటే వెనక భాగం ఒక్కసారిగా ఎగిరి తన్నేస్తుంది

ఇదీ అసలు కథ. దీని వల్ల నేను మూడు రాత్రులు పాడు చేసుకున్నాను.

షెవెల్‌కి రేస్ సస్పెన్షన్ వేశాను. ఫోటోలో బాగుంటుందని, సెంటర్ ఆఫ్ గ్రావిటీ కూడా దిగుతుందని రైడ్ హైట్‌ని (నేల నుంచి కారు ఎత్తు) అట్టడుగుకి దించేశాను. గేమ్‌లోని గ్రాన్ కాల్డెరా కొండ దిగే రోడ్డులో గ్యాస్ (యాక్సెలరేటర్) ఇవ్వగానే వెనక భాగం పక్కకి పోయేది. చూస్తే పవర్ ఎక్కువైనట్టే ఉంది. డిఫరెన్షియల్ యాక్సెలరేషన్ (గ్యాస్ ఇచ్చినప్పుడు రెండు వెనక చక్రాలు ఎంత గట్టిగా కలిసి తిరగాలో చెప్పే సెట్టింగ్) 60 నుంచి 20కి తెచ్చాను. లోపలి చక్రం ఒక్కటే తిరగడం మొదలైంది, జారడం మాత్రం ఆగలేదు. వెనక బార్ 8కి తెచ్చాను. ఇప్పుడు ముక్కు తిరగట్లేదు, అయినా తోక జారుతూనే ఉంది. రెండో రాత్రి ఇంజిన్‌నే తగ్గించాను. అప్పుడూ అంతే.

జరిగింది ఏంటంటే, గ్యాస్ ఇచ్చినప్పుడు కారు వెనక్కి కూర్చుంటుంది. మలుపులో బయటివైపు చక్రం మీద ఇంకాస్త బరువు పడుతుంది. రైడ్ హైట్ దించేసరికి స్ప్రింగ్ ఆడటానికి చోటు లేదు, రోడ్డు కాస్త లేచిన చోట సస్పెన్షన్ అడుగుకి తగిలింది. తగిలిన క్షణం నుంచి అక్కడ స్ప్రింగ్ లేనట్టే, కర్ర పెట్టి కట్టినట్టే. టైర్ మీద భారం ఒక్కసారి పెరిగి, వెంటనే పడిపోయి, పట్టు తెగిపోతుంది. మన కంటికి అది పవర్ స్లైడ్‌లాగే కనిపిస్తుంది. అందుకే అందరం డిఫరెన్షియల్ మీద పడతాం.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. నిజంగా చక్రం తిరిగిపోతే ముందు ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది, తర్వాత తోక జారుతుంది. అడుగు తగిలితే తోక ముందు గెంతుతుంది, ముల్లు ఆ తర్వాత లేస్తుంది. పైగా ప్రతిసారీ రోడ్డులో అదే చోట జరుగుతుంది. అనుమానం తీరకపోతే ఫెస్టివల్ డ్రాగ్ స్ట్రిప్ లాంటి చదునైన చోటికి వెళ్లి, అదే వేగంతో, అంతే గ్యాస్‌తో గుండ్రంగా తిరగండి. అక్కడ బుద్ధిగా ఉండి కొండ మీద తన్నిందంటే దోషం పవర్‌ది కాదు. ఇక టెలిమెట్రీలో సస్పెన్షన్ పేజీ తెరిచి ఆ మలుపులోకి మళ్లీ వెళ్లండి, తెర మీద వెనక బయటి చక్రం పట్టీ చివరిదాకా కొట్టుకుంటే కేసు తేలిపోయినట్టే. గేమ్ డేటాని బయటి యాప్‌లోకి తెచ్చుకునేవాళ్లకి ఇంకా తేలిక: సస్పెన్షన్ ట్రావెల్ అంకెలో 0 అంటే పూర్తిగా చాచింది, 1 అంటే పూర్తిగా నొక్కుకుపోయింది.

బాగుచేయడం ఇలా. వెనక రైడ్ హైట్‌ని కొంచెం కొంచెంగా పెంచుతూ అదే మలుపులో రివైండ్ చేసి చేసి చూడండి. పట్టీ చివర తగలడం ఆగేదాకా పెంచండి, ముందు భాగాన్నీ దాదాపు అంతే లేపండి. ఇంకా తగులుతుంటే వెనక స్ప్రింగ్ పదోవంతు గట్టిపరచండి, బంప్ డ్యాంపింగ్ (సస్పెన్షన్ నొక్కుకుపోవడాన్ని నెమ్మది చేసేది) ఒక మెట్టు పెంచండి. భయంతో స్ప్రింగ్ చివరిదాకా తోసేయకండి, చక్రం రోడ్డు వదిలి గెంతుతుంది, అప్పుడు ఇంకో జబ్బు.

ఇక్కడ ఆగిపోతే మాత్రం సగం పనే. అప్పటిదాకా జబ్బు తెలియక వేసిన మందులన్నీ వెనక్కి తీసేయాలి. నా షెవెల్‌లో డిఫరెన్షియల్‌ని 55కి, వెనక బార్‌ని మొదటి లెక్కకి తెచ్చాక కారు మళ్లీ కారయింది. ఫోటోలో కాస్త ఎత్తుగా కనిపిస్తుంది, కనిపించనీ. 

మీ కారు ముల్లు లేచాకే జారుతుంటే అది మామూలు పవర్ సంగతే. డిఫరెన్షియల్ యాక్సెలరేషన్ ఐదైదు తగ్గించండి, లోపలి చక్రం పొగలు కక్కడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి.

టాప్ స్పీడ్ రావడం లేదు

హైవే మీద చివరి గేర్‌లో రెడ్‌లైన్ కొట్టి ఆగిపోతే ఫైనల్ డ్రైవ్ స్పీడ్ వైపు, రెడ్‌లైన్ దరిదాపులకే రాకపోతే యాక్సెలరేషన్ వైపు. వెనక పెద్ద వింగ్ పెట్టి ఉంటే అది కూడా లాగుతుంది. ఛార్జర్ మూతి చూశారుగా, గాలిని చీల్చడానికి చేసింది కాదది.

మిగతావి

బ్రేక్ వేస్తే ముందు చక్రాలు బిగుసుకుంటే బ్రేక్ ప్రెజర్ తగ్గించండి, చాలు. టో, కాస్టర్ (చక్రాల కోణాలు) వల్లే కారు పాడైందని ఇంతవరకూ నా దగ్గరికి ఒక్కరూ రాలేదు, వాటిని ముట్టుకోకండి. కారు తిన్నటి రోడ్డులో ఒక పక్కకి లాగుతుంటే ట్యూన్ మూసేసి కంట్రోలర్ స్టిక్ చూసుకోండి.