మక్కకు గింజ పట్టడం లేదా? ముందు చెట్టు నీడ చూడండి

యాసంగిలో ఇంటి వెనక జాగలో మక్క పెట్టినవాళ్ల ఫోన్లు నాకు జనవరిలో మొదలవుతాయి. హన్మకొండ నుంచైనా, పరకాల నుంచైనా మాట ఒకటే. మొక్క నిలువెత్తు పెరిగింది, కంకి కూడా కట్టింది, పొట్టు ఒలిచి చూస్తే గింజల్లేవు. మొదట్లో కొన్ని గింజలు పాలు పోసుకుని ఉంటాయి, నడుమ పళ్లూడిన చిగుళ్లలా ఖాళీలు, కొస అంతా తెల్ల బెండు. ఆ వెంటనే అడిగేది: ఏ రకం పెడితే బాగుంటుంది, యూరియా ఇంకెంత వేయాలి?

ఆగండి. మధ్యాహ్నం 12 గంటలకు ఆ మడిలో నిలబడి చూశారా? నెత్తి మీద ఎండ పడిందా, కొమ్మల నీడ పడిందా? పైసా ఖర్చు లేని ఈ పరీక్ష వదిలేసి నేరుగా మందుల దుకాణానికి పోయేవాళ్లను చూసీ చూసీ విసిగిపోయాను. దుక్కి, తడులు, కలుపు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

సాళ్ల వెంట ఒకసారి నడవండి

మడికి ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ మొక్కలను పోల్చి చూడండి. చెట్టు వైపు మొక్కలు సన్నగా సాగి, కణుపుకూ కణుపుకూ మధ్య ఎడం పెరిగి, వెలుతురు వైపు ఒరిగి ఉన్నాయా? చెట్టుకు దూరం జరిగే కొద్దీ కాండం లావెక్కి, ఆకు ముదురు పచ్చగా మారుతోందా? తేడా అలా మెట్లు మెట్లుగా కనిపిస్తే కారణం చెట్టే. నేలలో ఎరువు లోపం ఉంటే చెట్టు దగ్గర ఎక్కువ, దూరాన తక్కువ అన్నట్టు ఉండదు.

మొక్కలన్నీ ఒకేలా బలంగా ఉండి గింజ మాత్రమే పట్టకపోతే, మీరు ప్రహరీ గోడ వెంట ఒకటే సాలు పెట్టి ఉంటారు. మక్కలో కంకి కొసన వేలాడే ఒక్కో పీచు పోగు ఒక్కో గింజకు దారి. మొక్క కొసన విచ్చుకునే మగపూల గుత్తి, అంటే జల్లు, నుంచి రాలే పుప్పొడి గాలికి వచ్చి పీచు మీద పడాలి. ఒంటి సాలులో అది పక్కకు కొట్టుకుపోతుంది. పదహారు మొక్కలే పెట్టినా నాలుగు సాళ్లుగా, గుంపుగా పెట్టండి. సాలుకూ సాలుకూ రెండడుగులు, మొక్కకూ మొక్కకూ జానెడు చాలు. ఇప్పటికే ఒంటి సాలు పెట్టేసి ఉంటే, పొద్దున మంచు ఆరాక జల్లును కాగితం సంచిలో దులిపి, ఆ పసుపు పొడిని తాజా పీచు మీద చల్లండి. మూడు నాలుగు రోజులు వరుసగా చేయాలి.

కింది ఆకు కొస నుంచి మధ్య ఈనె వెంట పసుపుపచ్చగా మారుతూ వస్తే నత్రజని లోపం. లేత ఆకుల్లో ఈనెకు రెండు వైపులా తెల్లటి పట్టీలు కనిపిస్తే జింక్ లోపం, లీటరు నీళ్లకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టండి. సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట, ఆకు మీద వరుసగా చిల్లులు ఉంటే అది 2018లో మన దేశంలో బయటపడిన కత్తెర పురుగు. దొడ్లో నాలుగు సాళ్లే కదా, గుడ్ల ముద్దలను, పురుగులను చేత్తో ఏరి నలిపేయవచ్చు.

అసలు దొంగ: నడిచే నీడ

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే, అందుకే ఇది వివరంగా చెబుతాను.

మా ఇంటి వెనక దాదాపు 25 అడుగుల వేపచెట్టు ఉంది. దానికి ఉత్తరాన, మొదలు నుంచి 14 అడుగులు వదిలి, 22 అడుగుల దాకా స్వీట్‌కార్న్ మడి చేశాను. అది అక్టోబర్ రెండో వారం. విత్తే రోజు మధ్యాహ్నం నీడ చూశాను. మడికి రెండడుగుల ఇవతలే ఆగింది. నీడ కొసన ఒక వెదురు పుల్ల గుచ్చి, నిశ్చింతగా విత్తాను. నెల దాటేదాకా మొక్కలు కళకళలాడాయి. నవంబర్ చివరికి వచ్చేసరికి చెట్టు వైపు సాళ్లు వెలవెలబోయాయి. యూరియా వేశాను, తగ్గలేదు. జింక్ కొట్టాను, తగ్గలేదు. డిసెంబర్‌లో జల్లు విచ్చుకుంది కానీ పీచు బయటికి రాలేదు. అది వచ్చేసరికి పుప్పొడి రాలిపోయింది. నీడన ఉన్న మక్కలో జరిగేది ఇదే. తిండి చాలక మొక్క ముందు కంకినే ఆపుకుంటుంది, జల్లుకూ పీచుకూ మధ్య రోజులు పెరిగి రెండూ కలవవు.

మూడోసారి మందు కలుపుతుంటే పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, "మందులు ఎందుకు పోస్తున్నవ్ బిడ్డా? నీడ నడిచి రాలే?" అంది. వెళ్లి చూస్తే నా వెదురు పుల్ల అక్కడే ఉంది. నీడ దాన్ని దాటి పది అడుగులు వచ్చి, మడి మొత్తం కప్పేసి ఉంది.

లెక్క సులువే. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే నడిమి నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి ఉత్తరాన ఉంటాడు. అప్పుడు నీడ చెట్టు కిందే, కొంచెం దక్షిణానికి పడుతుంది. ఆగస్టు నుంచి సూర్యుడు దక్షిణానికి దిగుతాడు, నీడ ఉత్తరానికి సాగుతుంది. మధ్యాహ్నం 25 అడుగుల చెట్టు నీడ అక్టోబర్ రెండో వారంలో మొదలు నుంచి 11, 12 అడుగులు. డిసెంబర్ చివరి వారంలో 22 అడుగులు. అంటే చెట్టు ఎత్తులో పదింట తొమ్మిది వంతులు. విత్తిన 50, 60 రోజులకు జల్లు వస్తుంది కాబట్టి మొక్కకు ఎండ అన్నిటికన్నా ఎక్కువ కావలసిన వారాలూ, నీడ అన్నిటికన్నా పొడుగ్గా పడే వారాలూ ఒకటే అవుతాయి.

ఇంకో మోసం ఉంది. మడి చెట్టుకు సరిగ్గా ఉత్తరాన ఉంటే పొద్దున నీడ పడమటికి, సాయంత్రం తూర్పుకు పోతుంది. కాబట్టి ఆఫీసుకు పోయేముందు చూసినా, వచ్చాక చూసినా మడి నిండా ఎండే కనిపిస్తుంది. నీడ పడేది పది నుంచి రెండు దాకా, ఎండ బలంగా ఉండే ఆ నాలుగు గంటలే. "రోజూ చూస్తున్నాను, ఎండ బాగానే పడుతోంది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లు చూసే వేళే వేరు. మక్కకు రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి, ఎనిమిది ఉంటే ఇంకా మంచిది.

నీడతోపాటు వేర్ల పోటీ కూడా ఉందేమో చూడండి. నీళ్లు పెట్టిన మరుసటి రోజే, చెట్టు దగ్గరి సాలు ఆకులు పది గంటలకే గొట్టంలా చుట్టుకుంటే వేప వేర్లు మడిలోకి వచ్చాయని అర్థం. గడ్డపారతో మడి అంచున ఒక్క చోట తవ్వితే తెలిసిపోతుంది. పెన్సిల్ లావు ఎర్రటి వేర్లు అడుగు లోతులోనే తగులుతాయి.

ఇప్పుడు ఏం చేయాలి

నవంబర్‌లోనే పసిగడితే మడి మీదికి నీడ వేసే కొమ్మలను, ముఖ్యంగా పై కొమ్మలను, పలచన చేయండి. వేప తట్టుకుంటుంది. చెట్టును మొత్తం కొట్టేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. దానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, అది ఒక మాట. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినప్పుడు ఇంటిని, ఇంట్లోవాళ్లను కాచేది ఆ చెట్టే. కంకుల కోసం దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ అంత నీడ రావడానికి ఏళ్లు పడుతుంది.

వేర్లకైతే మడికీ చెట్టుకూ మధ్య, మడి అంచునే, రెండడుగుల లోతు కందకం తీసి, అడ్డొచ్చిన సన్న వేర్లు కోసి, పాత రేకు నిలబెట్టి పూడ్చేయండి. చెట్టు మొదలు దగ్గర తవ్వొద్దు, ఒక వైపే చేయండి. ఏటా విత్తే ముందు అంచు మళ్లీ తవ్వి చూసుకోవాలి.

డిసెంబర్ దాటాక పసిగడితే ఆ పంటకు చేసేదేమీ లేదు. కోసి పశువులకు వేయండి, పచ్చి మేతగా పనికొస్తుంది. మందుల మీద ఇంకో రూపాయి పెట్టొద్దు.

రకం మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. నీడలో బాగా కాసే మక్క రకం లేదు. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం వాళ్ల డీహెచ్‌ఎం 117 లాంటి హైబ్రిడ్ అయినా, మాధురి లాంటి తీపి రకమైనా ఎండ లేకపోతే ఒకటే. రకంతో మనం సంపాదించగలిగేది రోజులే. స్వీట్‌కార్న్ పచ్చి కంకి 75, 80 రోజులకు కోతకు వస్తుంది కాబట్టి ఆగస్టు చివర విత్తితే నీడ దగ్గరికి వచ్చేలోపే గింజ పడుతుంది. బేబీకార్న్ పీచు కనిపించిన రెండు మూడు రోజులకే కోసేస్తాం, దానికి గింజ పట్టే పనే లేదు. అంచు నీడ ఉన్నచోట నేను పెట్టేది అదే, దిగుబడి కొంత తగ్గినా చేతికి ఏదో ఒకటి వస్తుంది. ఒక జాగ్రత్త: చుట్టూ మామూలు మక్క చేలున్న ఊరైతే ఆ పుప్పొడి పడి మీ స్వీట్‌కార్న్ చప్పబడుతుంది. వాళ్లకూ మీకూ విత్తడంలో మూడు వారాల ఎడం ఉండేలా చూసుకోండి.

ఫిబ్రవరిలో విత్తి ఏప్రిల్ వడగాలికి పుప్పొడి మాడిపోవడం, వానాకాలంలో నల్లరేగడిలో నీళ్లు నిలవడం కూడా ఉన్నాయి కానీ అవి చూడగానే తెలుస్తాయి. కోతులకు నా దగ్గర మందు లేదు.

కొత్తగా చెట్టు పెడుతుంటే

కూరగాయల మడికి ఉత్తరాన పెట్టండి, యాసంగి నీడ అవతలికి పోతుంది. దక్షిణాన తప్పదనుకుంటే మునగ పెట్టండి, దాని నీడ పలచన. కానుగ, మామిడి మాత్రం వద్దు, వాటి నీడ చిక్కన.

డిసెంబర్ నీడ ఎక్కడిదాకా వస్తుందో జూన్‌లోనే చూసుకునే దారి ఒకటుంది. ఎండాకాలపు పున్నమి చంద్రుడు చలికాలపు సూర్యుడి దారిలోనే, దక్షిణాన కిందుగా నడుస్తాడు. ఏరువాక పున్నమి నాడు మబ్బు లేకపోతే, అర్ధరాత్రి 12 దాటాక దొడ్లోకి వెళ్లండి. వెన్నెల్లో చెట్టు నీడ కొస ఎక్కడ పడితే, 25 అడుగుల చెట్టుకైతే నాలుగైదు అడుగులు అటూ ఇటూగా డిసెంబర్ మధ్యాహ్నపు నీడ కూడా అక్కడే పడుతుంది. అక్కడ పుల్ల గుచ్చి, దానికి ఇంకో ఐదడుగులు అవతల నుంచి యాసంగి మక్కకు మడి కట్టండి.