పెయింట్‌పై గీత పడకుండా తుడవాలంటే ఏ టవల్ వాడాలి?

శుభ్రంగా కడిగిన కారును ఎండలో పెట్టి చూస్తే బానెట్ మీద సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. చాలాసార్లు ఆ తప్పు షాంపూది కాదు, తుడిచిన గుడ్డది. రంగు మీద ఉండే పారదర్శక రక్షణ పొర, క్లియర్ కోట్, మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే రాసుకునే కాగితంలో సగం. గీతలు పోవాలని పాలిష్ పట్టించిన ప్రతిసారీ ఆ పొర కొంచెం అరుగుతుంది. కాబట్టి గీత పడ్డాక పోగొట్టుకోవడం కన్నా పడకుండా చూసుకోవడమే మేలు.

గీత గీసేది ఎక్కువగా గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కున్న ఇసుక రేణువు. టవల్‌కి నూగు ఎత్తుగా ఉంటే రేణువు అందులోకి దిగిపోతుంది. పాత చొక్కా గుడ్డకి నూగు ఉండదు, రేణువు పెయింట్ మీదే దొర్లుతుంది. పైగా దాని కుట్లు, గుండీలు కూడా గీస్తాయి.

మైక్రోఫైబర్ (అతి సన్నటి సింథటిక్ పోగుల) టవల్ ప్యాకెట్ మీద మొదట చూడాల్సింది జీఎస్ఎమ్, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె. దీన్ని మీరే తూచి చూసుకోవచ్చు. 40×40 సెంటీమీటర్ల టవల్ వైశాల్యం 0.16 చదరపు మీటర్లు. 400 జీఎస్ఎమ్ అని రాసి ఉంటే అది 64 గ్రాములకు అటూఇటూగా తూగాలి. వంటింటి త్రాసులో 45 గ్రాములే చూపిస్తే అది 280 జీఎస్ఎమ్ సరుకు.

అయితే బరువు ఎక్కువైతే మంచిదని అన్ని పనులకూ మందపాటిది కొనకండి. పాలిష్, కాంపౌండ్ (గీతలు అరగదీసే ముద్ద) పట్టించాక మిగిలే పొడిని తీయడానికి 300-400 జీఎస్ఎమ్, పొట్టి నూగు టవల్ కావాలి. మందపాటిదైతే పొడిని సరిగా పట్టుకోక, పెయింట్ మీద పులిమినట్టు చేస్తుంది. వ్యాక్స్ తీశాక చివరి మెరుగు పెట్టడానికి, స్ప్రే కొట్టి తేలికపాటి దుమ్ము తుడవడానికి 500 పైన ఉన్న మెత్తటిది. అద్దాలకు నూగు అక్కర్లేదు, గళ్ల నేత టవల్ అయితే పోగులు వదలదు, చారలూ పడవు. డ్యాష్‌బోర్డుకి, చక్రాలకి 200-300 చాలు. బైక్ చైన్ గ్రీజుకి మాత్రం పారేసే గుడ్డే వాడండి.

పోగుల మిశ్రమం కూడా చూడండి. 80/20 అంటే 80 శాతం పాలిస్టర్, 20 శాతం పాలీఅమైడ్ (నైలాన్ రకం). ఎక్కువ పనులకు ఇది సరిపోతుంది. 70/30 సాధారణంగా ఇంకా మెత్తగా ఉంటుంది, పెయింట్‌కి తాకేవాటికి అది తీసుకోవచ్చు. పేరుకే మైక్రోఫైబర్ అని అమ్మేవీ ఉన్నాయి. బల్ల మీద చెంచాడు నీళ్లు పోసి టవల్‌తో మెల్లగా ఒక్కసారి లాగండి. నీళ్లు పీల్చుకోకుండా ముందుకు నెట్టుకుపోతే ఆ పోగు తయారీలో సన్నటి పాయలుగా సరిగా చీల్చనిది. (కొత్త టవల్‌ని ఒకసారి ఉతికాకే ఈ పరీక్ష చెయ్యండి.)

ఇక అంచు. నడుమ ఎంత మెత్తగా ఉన్నా అంచు కుట్టు గట్టి నైలాన్ దారమైతే గీస్తుంది. పెయింట్‌కి అంచు కుట్టు లేనివే కొనండి. లేబుల్ ఉంటే దాని కుట్టు విప్పి తీసేయండి. కత్తిరించి వదిలేస్తే మిగిలే ముక్క గరుకుగా ఉంటుంది. అనుమానంగా ఉంటే పనికిరాని సీడీ మెరిసే వైపున అంచుతో పదిసార్లు రుద్ది, దీపం కింద తిప్పి చూడండి.

వాడేటప్పుడు టవల్‌ని రెండుసార్లు సగానికి మడవండి. అటూఇటూ కలిపి 8 శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక్కో ప్యానెల్‌కి ముఖం మార్చండి. టవల్ నేల మీద పడిందా, దులిపి మళ్లీ వాడకండి, ఉతికే బుట్టలో వెయ్యండి.

నీళ్లు ఆర్చడానికి మెలితిప్పిన నూగున్న పెద్ద టవల్ వాడండి. 60×90 సెంటీమీటర్ల సైజు, 1000 జీఎస్ఎమ్ టవల్ ఒకటి మామూలు కారుకి సరిపోతుంది. బానెట్ మీద పరిచి, రెండు కొనలు పట్టుకుని నెమ్మదిగా లాగండి. నొక్కి రుద్దే పని లేదు.

సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే గట్టి రక్షణ పూత) తుడిచిన టవల్‌ని దాచుకోకండి. ఆ ద్రవం పోగుల్లోనే గట్టిపడి గాజు పలుకుల్లా తయారవుతుంది, ఉతికినా పోదు.

ఉతకడంలో జరిగే పొరపాట్లతోనే మంచి టవల్స్ పాడవుతాయి. నూలు బట్టలతో కలిపితే నూలు పీచు పట్టేస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ పోగులకు పూతలా అంటుకుని పీల్చే గుణాన్ని చంపేస్తుంది. బ్లీచ్ పోగునే దెబ్బతీస్తుంది. 40 డిగ్రీల నీళ్లు, తక్కువ ద్రవ డిటర్జెంట్ చాలు. డ్రయర్‌లో వేస్తే అతి తక్కువ వేడి మీదే ఉంచండి, వేడి ఎక్కువైతే పోగు దెబ్బతిని గరుకెక్కుతుంది. చక్రాల టవల్స్‌ని విడిగా ఉతకండి, బ్రేక్ దుమ్ములో లోహపు రజను ఉంటుంది. పనికో రంగు పెట్టుకుంటే కలిసిపోవు.

కొన్నాళ్లకు టవల్‌ని పొడి చేత్తో నిమిరి చూడండి. గరుకు తగిలినా, నూగు ఉండ కట్టినా దాన్ని పెయింట్ నుంచి తప్పించి డ్యాష్‌బోర్డుకి, అక్కడా అయిపోయాక చక్రాలకి వాడుకోండి.