స్పీకరు వైపు నుంచి కట్టుకొచ్చే 7 మెగాహెర్ట్జ్ రిసీవరు

ఇంట్లోనే అమెచ్యూర్ (హామ్) రేడియో పరికరాలు తయారుచేసుకోవాలనుకునేవారు ముందు రిసీవరును కట్టడం మంచిది. ప్రసారం చేయాలంటే లైసెన్సు తప్పనిసరి, పైగా నాలుగు రోజులు విన్నవారికే బ్యాండు తీరు బోధపడుతుంది. తొలి ప్రయత్నానికి 40 మీటర్ల బ్యాండు, అంటే 7 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలను పట్టే డైరెక్ట్ కన్వర్షన్ రిసీవరే తగినదని నా అభిప్రాయం. యాంటెన్నా నుంచి వచ్చే సంకేతాన్ని మన ఆసిలేటరు (రిసీవరులోనే తరంగాన్ని పుట్టించే భాగం) తరంగంతో మిక్సరులో కలిపితే, రెండింటి తేడా నేరుగా ధ్వనిగా వెలువడుతుంది: 7,030 కిలోహెర్ట్జ్ మోర్స్ సంకేతం వస్తున్నప్పుడు ఆసిలేటరు 7,030.7 వద్ద ఉంటే 700 హెర్ట్జ్ ఈల వినిపిస్తుంది.

రాగి రేకు అతికించిన ఖాళీ బోర్డును గ్రౌండుగా తీసుకుని, విడిభాగాలను దానిపైనే సోల్డరు చేస్తూ, యాంటెన్నా వైపు నుంచి కాక స్పీకరు వైపు నుంచి కట్టుకురావాలి. ధ్వనిని పెంచే ఎల్ఎం386 చిప్పు 1, 8 పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే ధ్వని సంకేతం 200 రెట్లు పెరుగుతుంది. 3వ పిన్నును వేలితో తాకినప్పుడు స్పీకరులో గుర్రుమనే మోత వస్తేనే తర్వాతి దశకు వెళ్లాలి.

మిక్సరు, ఆసిలేటరు రెండూ ఎన్ఇ602 చిప్పులోనే ఉంటాయి. దానికి 8 వోల్టులు మించి ఇవ్వకూడదు కనుక, 12 వోల్టుల బ్యాటరీకీ దానికీ మధ్య వోల్టేజిని 6 వోల్టులకు తగ్గించే 78ఎల్06 రెగ్యులేటరు ఉండాలి. అడాప్టరు కంటే బ్యాటరీయే మేలు, ఎందుకంటే కరెంటు లైను మోత ఈ రకం రిసీవర్లలో తేలిగ్గా చొరబడుతుంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది కాయిల్ దగ్గరే. ఎర్రరంగు టి50-2 టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్) మీద 20 చుట్లు చుడితే సుమారు 1.96 మైక్రోహెన్రీలు వస్తాయి. దానికి మొత్తం 256 పికోఫారడ్ల కెపాసిటర్లు తోడైతే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అనునాదం కుదురుతుంది. తీగ రంధ్రంలోంచి దూరిన ప్రతిసారీ ఒక చుట్టుగా లెక్కించాలి. కొసల మీది ఎనామెల్‌ను రాగి మెరిసేదాకా గీకకపోతే టంకం అంటినట్టు కనిపించినా కరెంటు పారదు. కెపాసిటర్లు ఎన్‌పీ0 రకానివి (వేడికి విలువ దాదాపు మారనివి) కాకపోతే, వేడి మారినకొద్దీ స్టేషను జారిపోతూనే ఉంటుంది. ఆసిలేటరు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి షార్ట్‌వేవ్ రేడియోను పక్కన పెట్టి 7.1 చుట్టుపక్కల నెమ్మదిగా తిప్పండి. ఒకచోట గరగర ఒక్కసారిగా అణిగితే అదే మీ తరంగం.

చివరగా పది మీటర్ల తీగను ఆరుబయట కట్టి ఇన్‌పుట్‌కు తగిలించండి. తగిలించగానే గరగర పెరగాలి. పెరగకపోతే ముందుగా ఇన్‌పుట్ కాయిల్ కొసలను మళ్లీ గీకి చూడండి.