టైరులో గాలి ఎంతుందో ఇంటి దగ్గరే సరిగ్గా చూసుకోవడం

మే నెల మధ్యాహ్నం పది కిలోమీటర్లు నడిపి పెట్రోల్ బంకులో గాలి చూపించుకుంటే, గేజీలో కనిపించే అంకె అబద్ధం కాకపోయినా మనకు పనికివచ్చే అంకె మాత్రం కాదు. కారు తయారీదారులు చెప్పే ఒత్తిడి చల్లటి టైరుకు చెప్పినది. అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఒత్తిడి దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పెరుగుతుంది, నైట్రోజన్ నింపినా అంతే. కనుక తెల్లవారాక, బండి తీయకముందు, ఎండ ఒక పక్క టైర్లపై పడకముందే చూడడం మేలు.

ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన కనిపించే స్టిక్కరు మీదో, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలో ఉంటుంది. ముందు, వెనుక చక్రాలకూ, నిండా మనుషులు ఎక్కినప్పుడూ వేర్వేరు అంకెలు ఉండవచ్చు. టైరు పక్కన అచ్చుపోసిన అంకె గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి నింపకూడదు.

సొంత గేజీ ఒకటి కొనుక్కోండి. డయల్ రకమైతే ముల్లు సున్నా మీద నిలిచి ఉండాలి. వాల్వు మూత తీసి జేబులో వేసుకుని, గేజీని వంకర లేకుండా ఒక్కసారిగా నొక్కాలి. "బుస్" మని క్షణంపాటు వినిపించి ఆగిపోతే సరిగ్గా కూర్చున్నట్లు. ఆ శబ్దం సాగుతూనే ఉంటే అంకె తక్కువగా వస్తుంది. ప్రతి టైరునూ రెండుసార్లు చూసి, అంకెలు కలవకపోతే మూడోసారి చూడండి.

తక్కువైతే ఏం చేయాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఉదయం ఇంట్లో 29 వచ్చింది, ఉండాల్సింది 33 అనుకుందాం. లోటు 4. బంకు చేరేసరికి టైరు వేడెక్కి అదే గేజీ 31 చూపిస్తే, 33 వరకు కాకుండా 35 వరకు కొట్టించి, మరుసటి ఉదయం మళ్లీ చూసి సరిచేసుకోవాలి. వేడి టైరులో అంకె ఎక్కువగా ఉందని గాలి తీసేయడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే చల్లారాక అది ఉండాల్సినదానికంటే తక్కువకు పడిపోతుంది.

అంకెలను తేదీతో రాసి పెట్టుకోవడం నాకు బాగా ఉపయోగపడింది. మా కారు వెనుక ఎడమ టైరు ఒక్కటే వారానికి రెండు పీఎస్ఐ చొప్పున తగ్గుతోందని ఆ పుస్తకం వల్లే తెలిసింది. వాల్వు మీద సబ్బునీటి చుక్క వేస్తే సన్నని బుడగ నెమ్మదిగా ఉబ్బింది. లోపలి పిన్ను మార్పించగానే సరిపోయింది.

నెలకొకసారి, దూర ప్రయాణాల ముందు తప్పకుండా చూడండి, డిక్కీలోని స్టెప్నీతో సహా. సన్నపాటి స్టెప్నీ అయితే దానికి చాలాసార్లు 60 పీఎస్ఐ వరకు కావాలి, కాబట్టి దాని విషయంలో మాత్రం దాని మీద రాసి ఉన్న అంకెనే పాటించండి.