ఎంఎంఏ ఫైట్ చూడటం ఎలా? ఇద్దరూ కిందపడ్డాక కళ్ళు ఎక్కడ పెట్టాలి?

ఆదివారం పొద్దున తిరుపతిలో యూనివర్సిటీ హాస్టళ్ళ వైపు వెళ్తే ఇదే కనబడుతుంది. ఒకే ఫోను, దాని చుట్టూ ఏడెనిమిది తలకాయలు, అందులో యూఎఫ్‌సీ లైవ్. గుద్దులు, కిక్‌లు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోటీని ఎంఎంఏ అంటారు, ఆ ఫైట్లు జరిపే పెద్ద అమెరికా సంస్థే యూఎఫ్‌సీ. ఇద్దరూ నిలబడి గుద్దుకుంటున్నంతసేపు అరుపులే అరుపులు. ఒకడు ఇంకొకణ్ణి కిందపడేసి మీద పడ్డాడో లేదో "లేపండ్రా వాళ్ళను, ఏముందిరా ఇందులో" అంటాడు ఒకడు. ఇంకొకడు టీకి లేస్తాడు. అసలు ఫైట్ మొదలయ్యేది అప్పుడే. గమ్మునుండి చూడండప్పా అని చెప్పి చెప్పి విసుగొచ్చి, చూసే పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు సర్దుకోవాల్సినవి

టీవీ గానీ ల్యాప్‌టాప్ గానీ ఉండాలి. ఫోన్‌లో మణికట్లు కనబడవు, మణికట్లు కనబడకపోతే సగం ఫైట్ పోయినట్టే. ఒక కాగితం, ఒక పెన్ను. అమెరికాలో శనివారం రాత్రి జరిగే ఫైట్లు మనకు ఆదివారం ఉదయం వస్తాయి కాబట్టి టిఫిన్ ముందే కానిచ్చేయండి. రౌండ్ నడుస్తుండగా తినకూడదు. ఒక్కో రౌండ్ 5 నిమిషాలు, మధ్యలో 1 నిమిషం విరామం. మామూలు ఫైట్‌కు 3 రౌండ్లు, టైటిల్ ఫైట్‌కూ మెయిన్ ఈవెంట్‌కూ, అంటే ఆ రోజు ఆఖరి ఫైట్‌కూ, 5.

సౌండ్ తీసేయండి. ఇది తప్పనిసరి. కామెంటేటర్ గొంతు పెరిగినచోట మన గుండె కూడా లేస్తుంది, అతను వేరే మాటల్లో పడినప్పుడు మన కళ్ళూ పక్కకు పోతాయి.

హైలైట్స్ చూసి నేర్చుకుందామనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. దానివల్ల నాకౌట్ ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. 2022 ఆగస్టులో లియోన్ ఎడ్వర్డ్స్ ఐదో రౌండ్ చివరి నిమిషంలో కమారు ఉస్మాన్‌ను తల మీద కిక్‌తో పడేసిన క్లిప్ అందరూ చూసే ఉంటారు. కిక్‌కు ముందు ఎడ్వర్డ్స్ ఎడమ చెయ్యి చూపించాడు. పంచ్ వస్తోందనుకుని ఉస్మాన్ తల పక్కకు వంచాడు. ఎడమ కాలు సరిగ్గా అటే వచ్చింది. ఆ చెయ్యి కోసం చూడనివాళ్ళకు అది అదృష్టంలా కనిపిస్తుంది.

నిలబడి ఉన్నప్పుడు

ఇది తేలికే. ముఖాలు వదిలేసి నడుము కింద చూడండి. ఎవరి ముందరి కాలు ఏది, ఎవరు వెనక్కి జరుగుతున్నారు, ఎవరి వీపు కేజ్‌కు, అంటే చుట్టూ ఉన్న కంచెకు, దగ్గరవుతోంది. 2021 జనవరిలో డస్టిన్ పోయిరియర్ కానర్ మెక్‌గ్రెగర్‌ను రెండో రౌండ్‌లో పంచ్‌లతోనే ఆపాడు, కానీ అంతకుముందే అతని ముందరి కాలి పిక్క మీద కిక్‌లు కొట్టి ఆ కాలును పనికిరాకుండా చేశాడు. కాలు నిలవనివాడు చురుగ్గా తప్పుకోలేడు, బలంగా కొట్టనూ లేడు. పిక్క మీద తగిలిన ప్రతి కిక్‌కూ కాగితం మీద ఒక గీత గీయండి. ఇంతకన్నా ఇక్కడ కష్టపడక్కర్లేదు.

కిందపడ్డాక: నిదానంగా చదవండి

అందరూ తప్పు చేసేది ఇక్కడే. పైన ఉన్నవాడు గెలుస్తున్నాడు, కింద ఉన్నవాడు ఓడిపోతున్నాడు, కదలకపోతే ఇద్దరూ అలసిపోయారు అనుకుంటారు. ఈ మూడింట్లో ఏదీ నమ్మకండి.

మొదట కింద ఉన్నవాడి నడుము చూడండి. పైవాడినే చూడాలనిపిస్తుంది, ఎందుకంటే కొట్టేది అతనే. చూడొద్దు. కిందివాడి రెండు కాళ్ళూ పైవాడి నడుము చుట్టూ ఉంటే దాన్ని గార్డ్ అంటారు. అతనికి ఇంకా ఆయుధాలున్నాయి. పైవాడు ఆ కాళ్ళు దాటి పక్కకు వచ్చి, ఛాతీ మీద అడ్డంగా బరువు వేస్తే కిందివాడి పని కష్టమైంది. పొట్ట మీదికెక్కి కూర్చుంటే ఇంకా కష్టం. వీపు వెనక్కి చేరి కాళ్ళతో పెనవేస్తే అన్నిటికంటే ప్రమాదం. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు మధ్య ఒక నిమిషం పట్టొచ్చు, ఒక రౌండ్ పట్టొచ్చు. ఆ నిమిషంలో కిందివాడు వెల్లకిలా ఉన్నాడా, పక్కకు తిరిగి ఉన్నాడా చూడండి. పక్కకు తిరిగి, ఒక చెయ్యి పైవాడి చంక కిందికి దూర్చగలిగితే అతను లేవబోతున్నాడని అర్థం. రెండు భుజాలూ నేలకు అంటుకుపోయాయంటే పైవాడు తన పని సరిగ్గా చేస్తున్నాడు.

తర్వాత పైవాడి తల. అది కిందివాడి దవడ కింద ఇరుక్కుని ఉంటే అలసటతో వాలిందనుకోకండి. మెడ అటు తిరిగిపోతే ఒళ్ళు ఇటు తిరగదు, అందుకే అక్కడ పెట్టాడు.

ఆఖరున మణికట్టు. ఒక్క పంచ్ కూడా పడకుండా రౌండ్ చేతులు మారేది ఇక్కడే, అందుకే అందరికంటే ముందు జనానికి విసుగొచ్చేదీ ఇక్కడే. 2018 అక్టోబరులో లాస్ వేగాస్‌లో ఖబీబ్ నుర్మగొమెదోవ్, మెక్‌గ్రెగర్‌ల ఫైట్ మొదటి రౌండ్ పెట్టుకోండి. మెక్‌గ్రెగర్ కేజ్‌కు ఆనుకుని ఉన్నాడు. ఖబీబ్ తన కాళ్ళతో అతని కాళ్ళను ముడేశాడు. లేవాలంటే పాదాలు ఒంటి కిందికి తెచ్చుకోవాలి, అవి రావు. ఇలాంటిచోట ఎవరైనా ఒక చెయ్యి నేల మీద ఊనాలి. ఊనిన ఆ మణికట్టునే పట్టి లాగేయడం ఖబీబ్‌కు అలవాటు. చెయ్యి ఊనితే ముఖం ఖాళీ అవుతుంది, ముఖం కాచుకుంటే లేవడం కుదరదు. మెక్‌గ్రెగర్ నాలుగో రౌండ్‌లో మెడ పట్టుకు ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు గానీ, అతని శక్తి కరగడం మొదలైంది ఆ మొదటి రౌండ్‌లోనే. సంక్రాంతికి మన పల్లెల్లో కబడ్డీ చూసినవాళ్ళకు ఇది వెంటనే పట్టుబడుతుంది. చీలమండ దొరికిన రైడర్ ఇంకా కూత పెడుతూనే ఉంటాడు, కానీ గీత అందదని గట్టు మీద కూర్చున్న పెద్దాయనకు అప్పటికే తెలిసిపోతుంది.

పైవాడే గెలుస్తున్నాడన్న భ్రమ పోవాలంటే 2010 ఆగస్టు నాటి ఆండర్సన్ సిల్వా, చేల్ సోనెన్ ఫైట్ మొత్తం చూడాలి, ముక్కలుగా కాదు. నాలుగు రౌండ్లకు పైగా సోనెన్ పైనుండి కొడుతూనే ఉన్నాడు. ఐదో రౌండ్‌లో రెండు నిమిషాల లోపు మిగిలుండగా సిల్వా కింద నుంచే అతని మెడనూ ఒక చేతినీ కాళ్ళ మధ్య బిగించాడు. సోనెన్ ట్యాప్ చేశాడు. కాళ్ళతో మెడ బిగించే ఈ ట్రయాంగిల్ చోక్‌కు గుర్తు ఏమిటంటే, పైవాడి చేతుల్లో ఒకటి కిందివాడి కాళ్ళ లోపల, ఒకటి బయట ఉంటుంది. గార్డ్‌లో పైవాడి ఒక్క చెయ్యి మాత్రమే లోపలుందంటే కుర్చీ అంచుకు జరగండి.

వీపు వెనక చేరిన తర్వాత రెండు నిమిషాలు ఏమీ జరగనట్టు ఉంటుంది. మెడ దగ్గర చూడండి, నాలుగు చేతులు కొట్లాడుతుంటాయి. చోక్ సరిగ్గా పడితే మెడకు రెండు వైపులా రక్తనాళాలు నొక్కుకుపోయి కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. అందుకే వెనకున్నవాడి చెయ్యి గడ్డం కింద దూరకముందే ముందున్నవాడు ఆపాలి. దూరాక చూసేదేమీ లేదు.

పట్ల పేర్లన్నీ కంఠస్థం చేశాకే చూడాలని కొందరు, వీడియో గేమ్ ఆడితే చాలని ఇంకొందరు చెబుతారు. రెండూ వద్దు. పేర్లు తెలిసినవాళ్ళు పేరు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, దానికి ముందు జరిగింది వదిలేస్తారు. దానికి బదులు పరుపు మీద పడుకుని, మీ అంత బరువున్న స్నేహితుణ్ణి మీ ఛాతీ మీద అడ్డంగా బరువు వేసి పడుకోమనండి. ఒక్క నిమిషం లేవడానికి ప్రయత్నించండి. ఊపిరి ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. మెడ పట్లు మాత్రం కోచ్ లేకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు.

మార్కులు వేయడం

ప్రతి రౌండ్ అయ్యాక, రీప్లే రాకముందే, గెలిచినవాళ్ళకు 10, రెండోవాళ్ళకు సాధారణంగా 9 వేయండి. ముందు చూడాల్సింది దెబ్బా పట్టూ ఎంత పనిచేశాయన్నది. అందులో సమానమైతేనే దూకుడు, అదీ సమానమైతేనే కేజ్ మధ్యలో ఎవరున్నారన్నది. కిందపడేసి ఊరికే పట్టుకుని ఉంటే పెద్దగా విలువ లేదు.

మన దేశపు ఫైటర్ పూజా తోమర్ 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన ఫైట్‌తో మొదలుపెట్టండి. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఆమెకిచ్చారు, ఒకరు ఇవ్వలేదు. మీ కాగితం మీ స్నేహితుడి కాగితంతో కలవకపోతే వాదించుకోకుండా, తేడా వచ్చిన ఆ ఒక్క రౌండ్ మళ్ళీ పెట్టి, ఈసారి ఓడిందని మీరు రాసుకున్న మనిషిని మాత్రమే చూడండి.