బైక్ ఇంజిన్‌తో ట్రాక్ కారు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

తక్కువ ఖర్చులో తేలికపాటి ట్రాక్ కారు కట్టాలంటే బైక్ ఇంజిన్ చాలా మంచి దారి. ఇంజిన్, క్లచ్, సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ ఒకే కేసింగ్‌లో వచ్చేస్తాయి. కానీ దాన్ని తయారుచేసినవాళ్లు రెండు విషయాలు నమ్ముకుని తయారుచేశారు: బండి మలుపులో పక్కకు వాలుతుంది, మనిషితో కలిపినా బరువు కారు కంటే తక్కువే. కారులో ఈ రెండూ తప్పుతాయి. కింది సమస్యల్లో పెద్దవన్నీ అక్కడి నుంచి పుట్టినవే. అందుకే ఇంజిన్ కొనేముందు హార్స్‌పవర్ అంకె కంటే ముందు ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), క్లచ్, కూలింగ్ చూడాలి.

మలుపులో ఆయిల్ లైటు వెలుగుతుంది, కారు నేరుగా రాగానే ఆరిపోతుంది

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఇంజిన్ పోయినట్టే. బైకు వాలినప్పుడు దాని బరువు, మలుపు తోపు కలిసి సంప్ అడుగువైపే పనిచేస్తాయి, కాబట్టి ఆయిల్ అడుగునే ఉంటుంది. కారు వాలదు. పక్క తోపు బరువుకు సమానమయ్యే మలుపులో (1జీ) ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వంగి ఒక గోడ మీదకు ఎక్కేస్తుంది. పంపుకు ఆయిల్ అందించే పికప్ పైపు గాలి పీలుస్తుంది. 10,000 ఆర్‌పీఎమ్ దగ్గర రెండు మూడు సెకన్లు అలా నడిస్తే కనెక్టింగ్ రాడ్ పెద్ద చివర బేరింగ్ అరుగుతుంది. ఆ తర్వాత వినిపించేది కింది నుంచి టక్ టక్ చప్పుడే.

ముందు రోగం ఏదో తేల్చుకోండి. బైకుతో వచ్చే ఆయిల్ స్విచ్ ప్రెషర్ దాదాపు పడిపోయాక గానీ లైటు వెలిగించదు. మెయిన్ గ్యాలరీకి (ఇంజిన్‌లోని ప్రధాన ఆయిల్ దారి) గానీ, ఫిల్టర్ కింద బిగించే సాండ్‌విచ్ ప్లేటుకు గానీ సెన్సర్ పెట్టి గేజ్ బిగించండి. 2 బార్ కంటే తగ్గితే వెలిగే పెద్ద ఎర్ర లైటు కూడా కళ్లెదురుగా ఉండాలి. మలుపు మధ్యలో ముల్లు ఒక్కసారిగా పడి లేస్తే అది ఆయిల్ పక్కకు పోవడం. ల్యాప్ ల్యాప్‌కూ మెల్లగా దిగుతుంటే అది ఆయిల్ వేడెక్కడం, దానికి ఆయిల్ కూలర్ కావాలి. ఇప్పటికే ఒకటి రెండుసార్లు లైటు వెలిగి ఉంటే ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. రాగి రంగు తళుకులు కనిపిస్తే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, దించి విప్పండి.

పరిష్కారాల్లో మొదటిది బాఫిల్. సంప్ విప్పి పికప్ చుట్టూ 2 మి.మీ. అల్యూమినియం రేకుతో గది కట్టి, ఆయిల్ లోపలికి మాత్రమే రానిచ్చే చిన్న తలుపులు పెట్టాలి. పికప్ నోటికీ సంప్ అడుగుకూ మధ్య సుమారు 6 మి.మీ. ఖాళీ ఉండాలి. ఎత్తు తగ్గించడానికి సంప్ కోసి వెల్డింగ్ చేసినవాళ్లు ఈ కొలత తప్పకుండా చూసుకోవాలి. స్లిక్ లేదా సెమీ స్లిక్ టైర్లు (గాళ్లు లేని, లేదా తక్కువున్న రేసు టైర్లు) వేస్తే బాఫిల్ ఒక్కటే చాలదు. ప్రెషర్ పడగానే నిల్వ ఉన్న ఆయిల్‌ను గ్యాలరీలోకి వదిలే అక్యుములేటర్ కలపండి. అన్నిటికంటే ఖాయమైనది డ్రై సంప్, అంటే ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాకుండా విడి ట్యాంకులో ఉంచడం. రాడికల్ ఎస్‌ఆర్3 అనే ట్రాక్ కారులో సుజుకి హయబూసా బైకు ఆధారిత ఇంజిన్‌కు ఇదే వాడతారు. అర లీటరు ఆయిల్ ఎక్కువ పోసి సరిపెట్టుకోవడం మాత్రం వద్దు. క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, బ్రీదర్ గుండా ఎయిర్‌బాక్స్‌లోకి చిమ్ముతుంది.

ఇంజిన్ ఏ దిక్కుకు పెడుతున్నారన్నదీ ముఖ్యమే. బైకులో ఉన్నట్టే అడ్డంగా పెడితే, ఆ సంప్ ఎన్నడూ చూడని పక్క తోపు ప్రతి మలుపులో పడుతుంది. లోటస్ సెవెన్ తరహా కార్లలో లాగా 90 డిగ్రీలు తిప్పి ప్రాప్ షాఫ్ట్‌కు కలిపితే, మలుపు తోపు బైకులో బ్రేకింగ్ తోపు వచ్చే దిశకు మారుతుంది. అప్పుడు గట్టి బ్రేకింగ్‌లో గేజ్ మీద కన్నేయాలి.

ఆర్‌పీఎమ్ ఎగురుతుంది, వేగం పెరగదు

క్లచ్ జారుతోంది. నాలుగో గేరులో 6,000 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూస్తే తేలిపోతుంది. ముందు ఆయిల్ డబ్బా చూడండి. ఇంజిన్‌కూ తడి క్లచ్‌కూ ఒకటే ఆయిల్ కాబట్టి తడి క్లచ్ బైకుల ఆయిల్ గుర్తు అయిన జేఏఎస్ఓ ఎమ్ఏ లేదా ఎమ్ఏ2 రాసి ఉండాలి. ఇంధనం ఆదా చేస్తుందని అమ్మే కారు ఆయిల్ పోస్తే ప్లేట్లు పట్టవు. తర్వాత కేబుల్ ఆట: లివర్ దగ్గర 2–3 మి.మీ. ఉండాలి. చేతికంటే కాలి బలం చాలా ఎక్కువ, కాబట్టి పెడల్ కింద స్టాపర్ లేకపోతే కేబుల్ సాగుతుంది, రిలీజ్ భాగాలు దెబ్బతింటాయి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా జారుతుంటే ఫ్రిక్షన్ ప్లేట్ల మందం మాన్యువల్‌తో పోల్చండి, స్టీల్ ప్లేట్లు నీలం తిరిగితే మార్చండి, 10–20 శాతం గట్టి స్ప్రింగులు వేయండి.

కొన్ని బైక్ ఇంజిన్లకు ఈ బాధ లేదు. మన దేశంలో జేకే టైర్ రేసుల్లో పరుగెత్తిన ఫార్ములా బీఎండబ్ల్యూ ఎఫ్‌బీ02లో ఉన్నది కే1200ఆర్‌ఎస్ బైకు ఇంజిన్, 1,171 సీసీ. ఆ బైకులో ఇంజిన్ అడ్డంగా కాకుండా ముందు నుంచి వెనక్కి పొడవునా ఉంటుంది, క్లచ్ కార్లలో లాగా పొడిది.

మొదటి గేరులో కదలదు, ఆరో గేరులో లాగదు

బైక్ స్ప్రాకెట్లే ఉంచేసి ఉంటారు. లెక్క వేసుకోండి. 373 సీసీ కేటీఎమ్ 390కి ప్రైమరీ (క్రాంక్ నుంచి క్లచ్‌కు వెళ్లే గేర్లు) 80/30, ఆరో గేరు 21/25, రెండూ గుణిస్తే 2.24. ఆల్టో 145/80 ఆర్12 టైరు చుట్టుకొలత సుమారు 1.69 మీటర్లు. పొడవైన స్ట్రెయిట్ చివర 9,000 ఆర్‌పీఎమ్‌కు 130 కి.మీ. వేగం కావాలంటే చక్రం నిమిషానికి 1,282 సార్లు తిరగాలి. మొత్తం నిష్పత్తి 7.02, దాన్ని 2.24తో భాగిస్తే 3.13. అంటే ముందు 15, వెనక 47 పళ్లు. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ సుమారు 3.7 కి.మీ. ఉంటుంది, అక్కడి లెక్క కోయంబత్తూరులోని చిన్న ట్రాక్ కరి స్పీడ్‌వేలో పనికిరాదు. వెనక స్ప్రాకెట్లు రెండు మూడు దగ్గరుంచుకోండి.

మనిషితో కలిపి 350 కిలోల లోపు అయితే 43 పీఎస్ ఉన్న ఆ సింగిల్ సిలిండర్ చాలు. ఇంకా బరువుంటే నింజా 650 లాంటి లిక్విడ్ కూల్డ్ ట్విన్‌కు వెళ్లాలి.

నాలుగు ల్యాపులకే హీట్ ఎక్కుతుంది

బైకులో రేడియేటర్‌కు నేరుగా గాలి కొడుతుంది. కారులో సీటు వెనక, పక్క డబ్బాలో పెడితే గాలి దాని చుట్టూ తిరిగి పోతుంది. డక్ట్ అంచుల్లో సందులు ఫోమ్‌తో మూసేయండి, వేడి గాలి బయటికి పోయే దారి వదలండి. ఇంజిన్‌కంటే రేడియేటర్ కిందుంటే పైపుల్లో గాలి బుడగ ఆగిపోతుంది. అన్నిటికంటే పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ, కూలెంట్ నింపే హెడర్ ట్యాంక్ ఉండాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 చవగ్గా దొరికినా, గాలి, ఆయిల్‌తో చల్లబడే ఆ ఇంజిన్‌ను డ్రైవర్ వెనక గోడ చాటున పెట్టమని మేం చెప్పం.

స్టార్టర్ తిరగదు, లేదా మధ్యలో ఆగిపోతుంది

ఎక్కువసార్లు ఇది వైరింగే. సైడ్ స్టాండ్ స్విచ్, క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్, బండి పడితే ఇంజిన్ ఆపే టిప్ ఓవర్ సెన్సర్ వరసగా చూడండి. ఆ సెన్సర్ బైకులో ఏ కోణంలో ఉందో కారులోనూ సరిగ్గా అలాగే నిలబెట్టాలి. ఇంజిన్ కొనేటప్పుడే హార్నెస్ (వైర్ల కట్ట), ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), తాళం, మీటర్ అన్నీ ఒకే బండివి అడిగి తీసుకోండి. కేబుల్ థ్రాటిల్ ఉన్నది దొరికితే పని సగం తగ్గుతుంది. కేటీఎమ్ 390లో 2017కు ముందువి అలాంటివే. మలుపులోనే ఆగిపోతుంటే పెట్రోలు పక్కకు పోతోంది, పంపుకు పెట్రోలు ఆగకుండా అందించే చిన్న ట్యాంకు, స్విర్ల్ పాట్ పెట్టండి.

చైన్ తెగుతుంది, పళ్లు ఒకవైపు అరుగుతాయి

రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలో లేవు, లేదా లోడ్‌లో ఇంజిన్ కదులుతోంది. నిటారు పట్టీ పెట్టి 1 మి.మీ. లోపుకు తీసుకురండి. రబ్బరు బుష్‌లు వేయొద్దు, ఇంజిన్‌కు ఉన్న మౌంటింగ్ బోల్టులన్నీ వాడండి. చైన్ డ్రైవర్ వీపు వెనకే తిరుగుతుంది. ఇంజినీరింగ్ విద్యార్థుల రేసు కారు పోటీ ఫార్ములా ఎస్ఏఈ నియమాల ప్రకారం గార్డు కనీసం 2.66 మి.మీ. మందం స్టీలు, వెడల్పు చైన్‌కు మూడింతలు. అది బిగించకుండా కారును ట్రాక్ మీదకు దించొద్దు.